దుబాసీగా పనికివచ్చిన ఆమె ప్రధానోపాధ్యాయినిగా పనికిరాదా?



ఈ టపాను ఒక మాటతో ఆరంభిస్తాను. మాటను పట్టుకుని విషయంలోకి దిగడం భాషాపండితుల జాడ్యం. పదవీ విరమణతో అది పోదు. ఆ మాట ‘లాటినా’. స్పానిష్ భాషలో సాధారణంగా ఓకారాంతాలు పుంలింగాలు, ఆకారాంతాలు స్త్రీలింగాలు. లాటిన్ అమెరికా దేశాలలో మూలాలు గల పురుషుడు లాటినో, స్త్రీ లాటినా. అమెరికా ప్రభుత్వ లెక్కలలో కనబడే ‘హిస్పానిక్’ అన్న మాట స్పానిష్ భాషాసంబంధాన్ని సూచిస్తుంది. స్పెయిన్ నుండి వచ్చిన కుటుంబం హిస్పానిక్ అవుతుంది గాని లాటినో కాదు. బ్రెజిల్ నుండి వచ్చినవారిని లాటినోలంటారు గాని, వారి భాష పోర్చుగీసు గనుక హిస్పానిక్ అనరు. క్రింద నేనిచ్చే అంకెలన్నీ హిస్పానిక్ పేరు మీద సేకరించినవి గనుక ఈ భేదం ముందే చెప్పవలసి వచ్చింది.

ఇక విషయం. అమెరికా బడులలో లాటినా స్త్రీలు ప్రధానోపాధ్యాయినులుగా, విద్యాధికారులుగా పైకి రావడం గురించి వ్రాయాలని కొంతకాలంగా అనుకుంటున్నాను. కడప దాటని తెలుగు పంతులమ్మకు ఆ దూరదేశపు గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా అమ్మాయి డల్లాస్ పరిసరాలలో కాపురముంటున్నది. ఇర్వింగ్, ఫ్రిస్కో వంటి ఊళ్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీలో చాలామందికి తెలుసు. అక్కడ ఉన్న నెలలలో మనవడిని బడికి దింపడం, తీసుకురావడం నా పని. బడిగంట వినబడితే చెవులు నిక్కించే ప్రాణం నాది. కాబట్టి ఆ బడి ఎలా నడుస్తున్నదో చూడకుండా ఉండలేకపోయాను.

అక్కడ నాకు ముందుగా కంటబడినది ఒక ఉపాధ్యాయిని. ఆమె తల్లిదండ్రులు మెక్సికో నుండి వచ్చినవారని మా అమ్మాయి చెప్పింది. ఆమె తరగతి చెబుతుండగా ఆఫీసు నుండి పిలుపు వస్తుంది. ఇంగ్లీషు రాని తల్లి ఎవరో వచ్చి కూర్చుని ఉంటుంది. ఈమె వెళ్లి స్పానిష్‌లో మాట్లాడాలి. పిల్లవాడికి జ్వరమని ఇంటికి ఫోను చేయాలన్నా ఈమే. తల్లిదండ్రుల సమావేశానికి కరపత్రం తర్జుమా చేయాలన్నా ఈమే. అలిగి కూర్చున్న తండ్రికి నచ్చజెప్పాలన్నా ఈమే. “ఇంత చక్కగా బడిని నడుపుతున్నదే, ఈమెను ప్రిన్సిపాల్‌గా చేయరా?” అని మా అమ్మాయిని అడిగాను. “ఆమె అక్కడ ఉంటేనే అందరికీ వీలమ్మా” అన్నది. ఆ మాట నాకు ములుకులా గుచ్చుకున్నది, ఎందుకంటే అది నాకు కొత్త మాట కాదు.

మన బడులలో తెలుగు పండితులుగా పనిచేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆగస్టు పదిహేనుకు వ్యాఖ్యానం తెలుగు పంతులే చేయాలి. బదిలీ అయి వెళ్లే సారుకు సన్మానపత్రం తెలుగు టీచరే వ్రాయాలి. ఊరి పెద్దలకు ఆహ్వానాలు, మండలాఫీసుకు అర్జీలు, ప్రార్థన, నాటిక, చందాల కోసం గడపగడపకూ తిరగడం, అన్నిటికీ మేము కావాలి. ప్రధానోపాధ్యాయుల కుర్చీ ఖాళీ అయినప్పుడు మాత్రం లెక్కలవారో, సైన్సువారో, సాంఘికశాస్త్రంవారో గుర్తుకు వస్తారు. నా సర్వీసంతటిలో భాషాపండితులు ఆ కుర్చీలో కూర్చోవడం నేను చాలా అరుదుగా చూశాను. మా పనిని ఎవరూ చిన్నచూపు చూశారనను. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నారు గాని, లెక్కలో వేసుకోలేదు.

నేను చెప్పదలచినది ఇంతే. ఊరికీ బడికీ నడుమ వంతెనగా నిలబడడం నాయకత్వానికి బయటి పని కాదు, అదే నాయకత్వం. అమెరికాలో లాటినా ఉపాధ్యాయినులు ఆ పని దశాబ్దాలుగా చేస్తున్నారు. వ్యవస్థ దానిని ‘సాయం’ అనే పద్దులో వ్రాసుకుని, ‘అర్హత’ అనే పద్దులో సున్న చుట్టింది. వాళ్లను పైకి తీసుకురావాలంటే కొత్తగా దయ చూపనక్కరలేదు, ఆ పద్దు సరిచేస్తే చాలు.

ఈ వాదానికి కొంచెం చరిత్ర అవసరం.

ఇవాళ వీళ్లను పిలిచి వాడుకుంటున్న ఆ స్పానిష్ భాష ఒకప్పుడు అదే బడులలో నేరం. టెక్సాస్ రాష్ట్రం 1918లో చట్టం చేసి బోధన ఇంగ్లీషులోనే సాగాలన్నది. ఉల్లంఘించిన ఉపాధ్యాయులు శిక్షార్హులు. ఆ కట్టు సడలడానికి 1969 దాకా పట్టింది. పశ్చిమ టెక్సాస్‌లో మార్ఫా అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడి బ్లాక్‌వెల్ బడి మెక్సికన్ మూలాల పిల్లలను వేరుగా కూర్చోబెట్టిన బడి. 1954లో అక్కడ పిల్లలచేత ‘నేను స్పానిష్ మాట్లాడను’ అని కాగితపు ముక్కల మీద వ్రాయించి, ఆ ముక్కలను పెట్టెలో పెట్టి, బడి ఆవరణలో గొయ్యి తీసి పూడ్పించారు. భాషకు అంత్యక్రియలు! ఆ బడి 1965లో మూతపడింది. 2022లో ఆ దేశం దానిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. పాతిపెట్టినదానిని తవ్వి చూసుకోవడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది.

ఈ ముచ్చట చదివి ‘అయ్యో పాపం, అమెరికా’ అనుకోవడానికి మనకు అంత వెసులుబాటు లేదు. 2009లో మా కడప జిల్లా మైదుకూరులోనే, ఒక ఇంగ్లీషు మీడియం బడిలో, తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో ‘నేను తెలుగు మాట్లాడను’ అన్న అర్థం వచ్చే పలకలు వ్రేలాడదీశారు. పత్రికలన్నీ వ్రాశాయి, ఆ రోజుల్లో మన బ్లాగులూ వ్రాశాయి. ఇంటిభాష పలికినందుకు సిగ్గుపడిన పిల్లవాడు పెద్దయి బడికి పెద్ద కావాలని ఎలా కలగంటాడు? పైమెట్టు ఎక్కేవాళ్లు తగ్గిపోవడం పైన మొదలు కాదు, ఒకటో తరగతిలోనే మొదలవుతుంది.

అయినా ఆ చీకటిలోనూ కుర్చీ దాకా చేరిన స్త్రీ ఒకరు ఉన్నారు. పేరు నీనా ఒటెరో-వారెన్. 1881లో న్యూ మెక్సికోలో పుట్టారు. 1917లో సాంటా ఫే కౌంటీ పాఠశాలలన్నిటికీ సూపరింటెండెంట్‌గా నియమితులయ్యారు. మరుసటి ఏడు ఎన్నికలో పురుష ప్రత్యర్థిని ఓడించి ఆ పదవిని నిలుపుకున్నారు. 1929 వరకు అందులో ఉన్నారు. అమెరికా స్త్రీలకు దేశమంతటా ఓటుహక్కు రాజ్యాంగబద్ధమైనది 1920లో అని గుర్తుంచుకుంటే ఆ ఘనత తెలుస్తుంది. ఓటుహక్కు ఉద్యమంలో ఆమె ముందువరుసలో ఉన్నారు. 1922లో జాతీయ చట్టసభకు పోటీ చేసి ఓడిపోయారు. పల్లెబడుల స్థితి మెరుగుపరచడానికి పాటుపడ్డారు. పిల్లల స్పానిష్ సంస్కృతిని, చేతిపనులను బడి తుడిచివేయకూడదని వాదించారు. 2022లో అమెరికా పావు డాలరు నాణెం మీద ఆమె బొమ్మ ముద్రించారు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. నీనా సామాన్య కుటుంబంలో పుట్టలేదు. భూములు, రాజకీయ పలుకుబడి గల పెద్ద వంశం ఆమెది. ఆ అండ లేని పాలేరు కూతురికి ఆ తలుపు తెరుచుకునేది కాదు. అంతటి వంశం ఉండి కూడా, భర్త నుండి విడాకులు పొందిన ఆమె లోకానికి తాను విధవనని చెప్పుకున్నారు. విడిపోయిన స్త్రీకి ఆనాటి సమాజం ఇవ్వని గౌరవం భర్త పోయిన స్త్రీకి ఇచ్చేది గనుక. పాఠశాలలను పాలించే సామర్థ్యం ఉంటే చాలదు, బ్రతుకును కూడా సర్దిచెప్పుకోవాలి. ఆ వంతు పురుషునికి ఎన్నడూ పడలేదు.

పదవి లేకుండా నాయకత్వం చేసినవారి జాబితా ఇంకా పెద్దది. కాలిఫోర్నియాలో వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊరిలో 1944లో మెండెస్ పిల్లలను మంచి బడిలో చేర్చుకోకుండా మెక్సికన్ల బడికి పొమ్మన్నారు. వాళ్లను వెంట తీసుకుపోయిన మేనత్త పిల్లలు తెల్లగా ఉన్నారని, ఇంటిపేరు వేరుగా ధ్వనించిందని వాళ్లను మాత్రం చేర్చుకుంటామన్నారు. ఆ మేనత్త ఎవరినీ చేర్చకుండానే తిరిగి వచ్చింది. తండ్రి గొన్సాలో మెండెస్ ఇతర కుటుంబాలతో కలిసి కోర్టుకు వెళ్లాడు. ఆయన వ్యాజ్యం కోసం ఊళ్లు తిరుగుతుంటే, వాళ్లు కౌలుకు తీసుకున్న పొలాన్ని భార్య ఫెలిసితాస్ నడిపింది. ఆమె ప్యూర్టోరికో స్త్రీ. 1946లో జిల్లా న్యాయస్థానం, 1947లో అప్పీలు న్యాయస్థానం వారి పక్షాన తీర్పు ఇచ్చాయి. నల్లజాతి పిల్లల కోసం వచ్చిన సుప్రసిద్ధమైన 1954 తీర్పుకు ఇది ఏడేళ్ల ముందుమాట. 2009లో లాస్ ఏంజెలెస్‌లో తెరిచిన ఒక ఉన్నత పాఠశాలకు ఆ దంపతులిద్దరి పేర్లూ పెట్టారు. పొలం దున్నించినామె పేరు కూడా గోడ మీదకు ఎక్కడం నాకు నచ్చింది.

మరొకరు ఆంటోనియా పంటోహా. ప్యూర్టోరికోలో పేద ఇంట పుట్టి, పల్లెబడిలో పాఠాలు చెప్పి, 1944లో న్యూయార్కు చేరి కర్మాగారంలో వెల్డింగు పని చేసినామె. 1961లో ‘ఆస్పీరా’ అనే సంస్థను స్థాపించారు. పేరు స్పానిష్ క్రియ నుండి వచ్చింది. ఆశించు, ఆకాంక్షించు అని అర్థం. ఆ సంస్థ న్యూయార్కు విద్యాబోర్డు మీద వేసిన దావా 1974లో రాజీ ఒప్పందంగా ముగిసింది. ఇంగ్లీషు రాని స్పానిష్ పిల్లలకు వారి భాషలో పాఠం చెప్పే ఏర్పాటు చేయవలసి వచ్చింది. అదే సంవత్సరం సుప్రీంకోర్టు, శాన్ ఫ్రాన్సిస్కో చైనీయ పిల్లల వ్యాజ్యంలో, అర్థంకాని భాషలో పాఠం చెప్పి అందరికీ ఒకే పుస్తకం ఇచ్చామంటే సమానత్వం కాదన్నది.

ఈ రెంటి ఫలితం తరగతి గదికే పరిమితం కాలేదు. ద్విభాషా తరగతులకు ద్విభాషా ఉపాధ్యాయులు కావాలి. అలా వేలమంది లాటినా స్త్రీలకు ఉపాధ్యాయ వృత్తిలోకి తలుపు తెరుచుకున్నది. నేడు పైమెట్ల మీద కనబడేవారిలో చాలామంది ఆ తలుపు గుండా వచ్చినవారే, లేదా ఆ తరగతులలో చదివినవారే. భాషను తలుపు చేసినప్పుడు మనుషులు లోపలికి వచ్చారు, మూసినప్పుడు ఆగిపోయారు. కాలిఫోర్నియా ఓటర్లు 1998లో ద్విభాషా బోధనను దాదాపు మూసివేశారు. 2016లో మళ్లీ ఓటు వేసి తెరిచారు. మధ్యలోని పద్దెనిమిదేళ్ల లోటు ఈనాటికీ ద్విభాషా ఉపాధ్యాయుల కొరతగా ఆ రాష్ట్రాన్ని వెంటాడుతున్నది. బావి పూడ్చి పద్దెనిమిదేళ్లయ్యాక నీళ్లేవని అడిగితే ఏం చెబుతాం?

ఇప్పుడు అంకెలు. లెక్కలవారు నవ్వకుండా జాగ్రత్తగా ఇస్తున్నాను. 2020-21 విద్యా సంవత్సరంలో అమెరికా ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులలో హిస్పానిక్ మూలాలవారు నూటికి 9 మంది. ప్రధానోపాధ్యాయులలోనూ నూటికి 9 మందే. పైపైన చూస్తే ‘సరిపోయింది గదా’ అనిపిస్తుంది. కాని ఆ కుర్చీకి ఎదురుగా కూర్చునే పిల్లలలో, 2021 నాటికి, హిస్పానిక్ పిల్లలు నూటికి 28 మంది. లెక్క సరిపోయినట్టు కనబడినది రెండు మెట్ల మధ్య మాత్రమే. పునాదిని కలుపుకుంటే సరిపోదు.

స్త్రీల లెక్క మరొక నిచ్చెన. అదే సంవత్సరంలో ఉపాధ్యాయులలో స్త్రీలు నూటికి 77 మంది, ప్రధానోపాధ్యాయులలో 56 మంది. ఇక పాఠశాలల సముదాయాన్ని పాలించే సూపరింటెండెంట్లలో స్త్రీలు, 2020 నాటి సర్వే ప్రకారం, నాలుగింట ఒక వంతుకు కొంచెం ఎక్కువ. అక్కడ ‘స్కూల్ డిస్ట్రిక్టు’ అంటే మన రెవెన్యూ జిల్లా కాదు; ఒక ఊరో, నాలుగు ఊళ్లో, ఒక మహానగరమో కావచ్చు. దానికి సాధారణంగా ఎన్నికైన బోర్డు ఉంటుంది, చాలాచోట్ల ఆ బోర్డే సూపరింటెండెంట్‌ను నియమిస్తుంది. పాఠం చెప్పేటప్పుడు నలుగురిలో ముగ్గురు స్త్రీలు. పాలించేటప్పుడు నలుగురిలో ముగ్గురు పురుషులు. లాటినా స్త్రీ ఈ రెండు నిచ్చెనలూ ఒకేసారి ఎక్కవలసి ఉంటుంది.

ఎందుకు జారిపోతారు? ఎవరో కుట్ర పన్ని ఆపుతున్నారని నేననను. నిచ్చెన కట్టిన తీరులోనే జారుడు ఉన్నది. ద్విభాషా తరగతులు ఎక్కువగా ప్రాథమిక స్థాయిలో ఉంటాయి గనుక ఈ ఉపాధ్యాయినులు అక్కడే ఎక్కువ. సూపరింటెండెంట్ పదవికి దారి మాత్రం తరచుగా ఉన్నత పాఠశాల ప్రిన్సిపాల్ కుర్చీ మీదుగా పోతుంది; ఆ కుర్చీలలో పురుషులే ఎక్కువ. ఈమెకు పదోన్నతి ఇవ్వదలిస్తే ‘ద్విభాషా విభాగపు సమన్వయకర్త’ అంటారు. పేరు గంభీరంగా ఉంటుంది, బడ్జెట్టూ నియామకాలూ చేతిలో ఉండవు. ఆ తర్వాత ఇంటర్వ్యూలో “మీకు పాలనానుభవం లేదు గదా” అంటారు. ప్రిన్సిపాల్ కావాలంటే చాలా రాష్ట్రాలలో మాస్టర్స్ పట్టా, ఆపైన పాలనా లైసెన్సు కావాలి. పగలు బడి, రాత్రి చదువు, ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు. ద్విభాషా బోధనకు కొన్ని డిస్ట్రిక్టులు ఇచ్చే అదనపు భత్యం సాధారణంగా తరగతి విడిచిపెడితే పోతుంది. అంటే ఉన్నచోట ఉండడానికి కూలి, కదలడానికి జుల్మానా.

స్పానిష్‌లో నాకు నచ్చిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ‘ఎదుకసియోన్’. ఇంగ్లీషు మాటకు సోదరిలా వినబడుతుంది గాని అర్థం మరింత విశాలం. పెద్దలను గౌరవించడం, నలుగురిలో నడుచుకోవడం, మాట తీరు, ఇవన్నీ అందులోకి వస్తాయి. మన ‘చదువు సంధ్యలు’, ‘సంస్కారం’ కలిపితే దాని దగ్గరకు చేరతాం. ఒక తల్లి బడికి వచ్చి తన కొడుకు ‘ఎదుకసియోన్’ గురించి అడిగితే, ఇంగ్లీషు మాత్రమే తెలిసిన ప్రిన్సిపాల్ మార్కుల కాగితం చూపుతాడు. ఆమె అడిగినది వేరు. ఈ తేడా తెలిసిన మనిషి ప్రిన్సిపాల్ గదిలో ఉంటే ఆ సంభాషణ ఆరంభమవుతుంది. గది బయట దుబాసీగా ఉంటే తర్జుమా మాత్రమే అవుతుంది. నిర్ణయం చేసేవాడికి భాష రాదు, భాష వచ్చినామెకు నిర్ణయాధికారం లేదు.

న్యూయార్కు నగర విద్యాశాఖకు 2014 నుండి 2018 వరకు చాన్సలర్‌గా ఉన్న కార్మెన్ ఫరీన్యా తన బాల్యం గురించి చెప్పినది వినండి. ఆమె తల్లిదండ్రులు స్పెయిన్ నుండి వచ్చినవారు గనుక నేను మొదట చెప్పిన భేదం ప్రకారం ఆమె హిస్పానిక్, లాటినా కాదు. చిన్నతరగతిలో ఆమె టీచరు పేరు తప్పుగా పలికేది; అది తన పేరేనని పాపకు తెలియక పలికేది కాదు; వారాల తరబడి హాజరుపట్టీలో గైర్హాజరు పడింది. పిల్ల ఎదురుగా బెంచీ మీద ఉన్నది, పట్టీలో లేదు! మన శ్రీనివాసులూ, జ్యోత్స్నలూ ఆ దేశపు బడులలో ఏ రూపాలు పొందుతున్నారో మీలో ప్రవాసులకు చెప్పనక్కరలేదు. హాజరుపట్టీ పిలిచేవారికి పేరు పలకడం రావాలన్నది భావోద్వేగపు కోరిక కాదు, పాలనకు సంబంధించిన సంగతి.

ఇక చేరినవారి సంగతి. న్యూ మెక్సికోలో 2003లో విద్యాశాఖకు మంత్రిస్థాయి కార్యదర్శి పదవి ఏర్పడినప్పుడు మొదట నియమితులైనవారు వెరోనికా గార్సియా. నీనా పనిచేసిన సాంటా ఫేలోనే ఆమె పాఠశాలల సూపరింటెండెంట్‌గా కూడా రెండు విడతలు పనిచేశారు. సుమారు 1,40,000 మంది పిల్లలున్న, వారిలో పదింట ఏడుగురు హిస్పానిక్ అయిన డల్లాస్‌కు 2022లో స్టెఫనీ ఎలిజాల్డే సూపరింటెండెంట్ అయ్యారు. 2024 అక్టోబరులో న్యూయార్కు చాన్సలర్ పదవి ప్యూర్టోరికో మూలాలు గల మెలిస్సా అవిలెస్-రామోస్‌ను వరించింది; ఆమె అదే నగరపు బ్రాంక్స్‌లో ఉపాధ్యాయినిగా, ప్రిన్సిపాల్‌గా పనిచేసినవారు.

అయితే ఎక్కించడం ఒక ఎత్తు, నిలవనివ్వడం మరొక ఎత్తు. డెన్వర్‌లో సుసానా కోర్డోవా ఆ ఊరి ప్రభుత్వ బడులలోనే చదివి, అక్కడే ఉపాధ్యాయినిగా, ప్రిన్సిపాల్‌గా పనిచేసి 2019 జనవరిలో సూపరింటెండెంట్ అయ్యారు. మరుసటి నెలలోనే ఉపాధ్యాయుల సమ్మె. ఆ ఊరిలో పాతికేళ్లలో మొదటిది. ఆ తర్వాత కొవిడ్. 2020 ముగిసేలోగా ఆమె పదవి వదిలి వెళ్లారు. ఆమె వెళ్తున్నప్పుడు నగరంలోని లాటినో ప్రముఖులు పలువురు బోర్డు వైఖరిని బహిరంగంగా తప్పుపట్టారు. 2023లో ఆమె రాష్ట్ర విద్యా కమిషనరయ్యారు గనుక కథ అక్కడితో ఆగలేదు. కాని ఇల్లు కాలుతున్నప్పుడు చేతికి తాళం ఇచ్చి, ఆరకముందే ‘ఆర్పలేకపోయింది’ అనడం చాలా చోట్ల స్త్రీలకు అనుభవమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, న్యాయమైనదే. “ఏ జాతి పిల్లలకు ఆ జాతి పెద్దే ఉండాలంటే బడి కులసంఘం కాదా?” నా జవాబు ఇది. లాటినా స్త్రీ మాత్రమే లాటినో పిల్లలను నడపగలదని నేననడం లేదు. స్పానిష్ రాకపోయినా ఆ పిల్లలకు ప్రాణం పెట్టిన ప్రధానోపాధ్యాయులు ఎందరో ఉంటారు. స్పానిష్ వచ్చినంత మాత్రాన మంచి పాలకురాలు కాదు. తెలుగు వచ్చిన ప్రతివాడూ మంచి తెలుగు పంతులా? నేనడిగేది పుట్టుకకు మార్కులు వేయమని కాదు, చేసిన పనికి మార్కులు వేయమని. నిజానికి ఆమెను స్పానిష్ పిల్లలున్న బడికే పంపుతామనడం కూడా అదే సంకుచితత్వానికి రెండో ముఖం. కోపంతో వచ్చిన తండ్రిని శాంతింపజేసి పంపగల మనిషి ఏ బడికైనా పనికివస్తుంది. మా మనవడి బడికీ పనికివస్తుంది.

ఈ మాట ఇప్పుడు చెప్పడానికి కారణం ఉన్నది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం బడుల దగ్గర వలస అధికారుల తనిఖీలపై ఉన్న పాత నియంత్రణను తొలగించింది. ఫిబ్రవరిలో ఉపాధ్యాయ శిక్షణకు ఇచ్చే కేంద్ర నిధులు పెద్ద ఎత్తున రద్దయ్యాయి. ఊరివాళ్లనే, సహాయకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే పథకాలు ఆ దెబ్బ తిన్నవాటిలో ఉన్నాయి. మార్చి ఒకటిన ఇంగ్లీషును అధికారభాషగా ప్రకటించే ఉత్తర్వు వెలువడింది. బడి తల్లిదండ్రులతో వారికి తెలిసిన భాషలో, శిక్షణ పొందిన దుబాసీ ద్వారా మాట్లాడాలని విడమరచి చెప్పిన 2015 నాటి మార్గదర్శకాన్ని ఆగస్టులో ఉపసంహరించారు. 1974 తీర్పు పుస్తకాలలో ఉన్నది. దానిని గుర్తుచేసే కాగితం పోయింది. భయపడి పిల్లలను ఇంట్లో దాచుకునే తల్లికి ఫోను చేసి “బడికి పంపమ్మా” అని నమ్మకంగా చెప్పగల గొంతు ఎవరిది? మళ్లీ ఆమెదే. మళ్లీ సాయమనే పద్దులోనే.

కాబట్టి నా సూచనలు, పంతులమ్మ సూచనలు. తరగతి నుండి దుబాసీ పనికి పిలిచిన ప్రతి గంటనూ నమోదు చేయండి. దానికి వేతనం ఇవ్వండి, లేదా విడిగా దుబాసీని పెట్టుకోండి. ప్రిన్సిపాల్ ఎంపికలో తల్లిదండ్రులతో పనిచేసిన అనుభవానికి, రెండు భాషలలో సభ నడపగల శక్తికి విడిగా మార్కులు కేటాయించండి. ద్విభాషా సమన్వయకర్తకు బడ్జెట్టు మీద సంతకం చేసే అధికారం ఇవ్వండి. అప్పుడు రేపు ‘పాలనానుభవం లేదు’ అనే వీలుండదు. పాలనలోకి వెళ్లినా భాషాభత్యం కొనసాగించండి. కొత్తగా కుర్చీ ఎక్కినామెకు, ఆ దారి ముందే నడిచిన పెద్దామెను కనీసం రెండేళ్లు తోడు ఇవ్వండి. వీటిలో ఒక్కటీ విప్లవం కాదు. అన్నీ గుమాస్తా పనులే. వ్యవస్థలు మారేది ఎక్కువగా గుమాస్తా పనులతోనే.

మన దేశపు పాఠశాలలకు ఇందులో పాఠం ఉన్నదా అంటే, వేరే టపా అవుతుంది. ఒక్కమాట మాత్రం అడిగి ముగిస్తాను. మీ బడిలో, మీ ఆఫీసులో, అందరి పనీ తన పనిగా చేసుకుపోతూ, అందరి మెప్పూ పొందుతూ, జాబితా వేసినప్పుడు మాత్రం గుర్తుకు రాని మనిషి ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఆ పని పేరేమిటో, ఆ మనిషి ఎన్నేళ్లు చేశారో వ్యాఖ్యలలో వ్రాయండి. పేర్లు వద్దు, పనులు చాలు. అమెరికాలో ఉన్న మిత్రులు తమ పిల్లల బడులలో కనబడినదేమిటో వ్రాస్తే మరింత మేలు. నేను చూసినది ఒక్క బడి.

స్వస్తి.